బావిలోకి దిగే ముందు ఒక్క నిమిషం ఆగండి

పరకాల, నర్సంపేట వైపు పాత వ్యవసాయ బావుల్లో మోటారు బాగుకో, పూడిక తీయడానికో దిగుతున్నారా? స్టార్టర్ ఆఫ్ చేస్తే సరిపోదన్నా, ఫ్యూజులు పీకి జేబులో వేసుకోండి, ఎందుకంటే కరెంటు పోయి మళ్లీ వచ్చినప్పుడు ఆటో స్టార్టర్ ఉంటే మోటారు దానంతటదే తిరుగుతుంది.

చాన్నాళ్లుగా వాడని బావి అయితే అసలు భయం గాలితోనే. బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్) మామూలు గాలికన్నా బరువు, అడుగున పేరుకుంటుంది, కంటికి కనపడదు, వాసన రాదు. లాంతరు దించితే ఆరలేదు కదా అని ధైర్యం చేయొద్దు. డీజిల్ ఇంజన్ లోపల నడపొద్దు.

నడుముకు తాడు, పైన ఇద్దరు మనుషులు తప్పనిసరి.

లోపలి మనిషి ఒరిగిపోతే, సొంత తమ్ముడైనా సరే, వెనకే దిగొద్దు, కాపాడబోయినవాళ్లూ అదే గాలికి పడిపోతారు. తాడుతో పైకి లాగండి, 101కి, 108కి ఫోన్ కొట్టండి.