వెనక స్పీకర్లు మళ్లీ మోగాయి: నా అనుభవం

మా 5.1 (ఐదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్) హోమ్ థియేటర్‌లో ముందు స్పీకర్లు బాగానే మోగుతున్నా, వెనక రెండూ చెవి ఆనిస్తే తప్ప వినిపించేవి కావు. స్పీకర్లన్నిటికీ సౌండ్ పంచే రిసీవర్ పోయిందేమోనని ఇంట్లో అందరికీ టెన్షన్. రిపేరుకి ఇచ్చే ముందు దాని మెనూలో టెస్ట్ టోన్ పెట్టి చూశాను. ఈ సమస్య ఎవరికొచ్చినా ముందు చేయాల్సింది ఇదే. ఒక్కో స్పీకర్‌లోంచి వరసగా 'ష్‌ష్' అని వస్తుంది. వెనకవాటిలోనూ గట్టిగానే వచ్చింది. అంటే ఆంప్లిఫయర్, వైర్లు, స్పీకర్లు బాగున్నట్టే. తేడా అంతా రిసీవర్‌లోకి వచ్చే సిగ్నల్‌లోనే ఉంది.

డిస్‌ప్లే మీద డాల్బీ డిజిటల్ (5.1 సౌండ్‌ని మోసుకొచ్చే ఫార్మాట్) అని ఉండాల్సిన చోట పీసీఎం (కుదించని మామూలు డిజిటల్ ఆడియో) అని ఉంది. టీవీలో డిజిటల్ ఆడియో ఔట్‌పుట్ పీసీఎంలో ఉండటంతో, ఆప్టికల్ కేబుల్‌లో రెండు ఛానెళ్లే (స్టీరియో) వస్తున్నాయి. వెనక వినిపించిన ఆ కాస్త సౌండ్ కూడా రిసీవర్ ఆ స్టీరియోలోంచి తీసి పంచినదే. టీవీలో ఆ సెట్టింగ్‌ని బిట్‌స్ట్రీమ్‌కి (అంటే డాల్బీ సిగ్నల్‌ని విప్పకుండా అలాగే రిసీవర్‌కి పంపేలా) మార్చగానే సినిమాలో వాన నిజంగా మా వెనక కురిసింది! ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. ఓటీటీలో ఆడియో ట్రాక్ కూడా 5.1 ఉన్నదే ఎంచుకోవాలి. కొన్ని సినిమాలకి తెలుగు ట్రాక్ స్టీరియోలోనే ఉంటుంది.

తర్వాత ఫోన్‌లో సౌండ్ మీటర్ యాప్‌తో, సోఫాలో మేం కూర్చునే చోట ప్రతి స్పీకర్ టెస్ట్ టోన్ 75 డెసిబెల్స్ వచ్చేలా లెవెల్స్ సరిచేశాను. పెద్ద, చిన్న శబ్దాల మధ్య తేడాని తగ్గించే నైట్ మోడ్‌ని ఆపేశాను. మాటలే ఉన్న సీన్లలో వెనక స్పీకర్లు ఊరుకుంటే కంగారు పడకండి, డైలాగ్ ఎక్కువగా సెంటర్ స్పీకర్‌కే వెళ్తుంది.