కేదార్‌నాథ్ కొండెక్కే ముందు గుండెకు, ఊపిరికి, కడుపుకు జాగ్రత్తలు

వేసవి సెలవులు వచ్చాయంటే మన ఊళ్ల నుంచి చార్‌ధామ్ యాత్రలు మొదలవుతాయి. ట్రావెల్స్ వాళ్లిచ్చే కాగితంలో స్వెట్టర్, రెయిన్‌కోటు, టార్చిలైటు, ఆధార్ జిరాక్సు అన్నీ రాసి ఉంటాయి. ఏ రాత్రి ఎంత ఎత్తులో పడుకుంటారన్నది మాత్రం సాధారణంగా ఉండదు. కొండ మీద ఒళ్లు ఎలా ఉంటుందన్నది చాలావరకు దాని మీదే ఆధారపడుతుంది. అందుకే డబ్బు కట్టే ముందే ఆ లెక్క అడగండి.

విజయవాడ సముద్రమట్టానికి పది పన్నెండు మీటర్ల ఎత్తులో ఉంది. హైదరాబాద్ సుమారు 540. తిరుమల కూడా వెయ్యి మీటర్లు దాటదు. కేదార్‌నాథ్ గుడి ఉన్నది 3,583 మీటర్ల ఎత్తులో. "అలిపిరి మెట్లన్నీ ఎక్కినవాణ్ణి, నాకిదెంత" అనేవాళ్లు ప్రతి బృందంలోనూ ఉంటారు. తిరుమల మెట్లు కాళ్ల సత్తువనూ గుండె ఓపికనూ చూస్తాయి. కేదార్‌నాథ్‌లో వాటితో పాటు గాలి కూడా పల్చబడుతుంది. గాలిలో ఆక్సిజన్ పాలు ఎక్కడైనా 21 శాతమే, కానీ పైకి వెళ్లేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది. కేదార్‌నాథ్ దగ్గర అది సముద్రమట్టంలో ఉండేదాంట్లో దాదాపు మూడింట రెండు వంతులే. ఒక్కో శ్వాసకు అందే ఆక్సిజన్ కూడా ఆ మేరకు తగ్గుతుంది.

ఈ లోటును శరీరం నిమిషాల్లోనే పసిగడుతుంది. మెడలోని పెద్ద రక్తనాళాల దగ్గర రక్తంలో ఆక్సిజన్‌ను గమనించే చిన్న కణుపులు ఉంటాయి. అవి హెచ్చరించగానే శ్వాస వేగం పెరుగుతుంది, గుండె వేగం పెరుగుతుంది. ఇంతవరకు బాగానే ఉంది. కానీ ఎక్కువగా ఊపిరి తీస్తే కార్బన్ డయాక్సైడ్ కూడా ఎక్కువగా బయటికి పోతుంది, రక్తంలో క్షారగుణం పెరుగుతుంది. దాంతో మెదడు శ్వాసకు బ్రేకు వేస్తుంది. ఆ బ్రేకును వదులు చేసే పని మూత్రపిండాలది. క్షారగుణమున్న బైకార్బొనేట్‌ను మూత్రంలో పంపించి అవి రక్తాన్ని సర్దుతాయి. దానికి రెండు మూడు రోజులు పడుతుంది. ఎర్ర రక్తకణాలు చెప్పుకోదగ్గంత పెరగాలంటే వారాలు కావాలి, యాత్రలో అంత వ్యవధి ఎవరికీ ఉండదు. కాబట్టి మన చేతిలో ఉన్నది ఆ రెండు మూడు రోజులే. రోజూ జిమ్ముకు వెళ్లే పాతికేళ్ల కుర్రాడికైనా ఈ గడువు తప్పదు. నిజానికి అతను అందరికన్నా వేగంగా ఎక్కేస్తాడు కాబట్టి అతనికే ముందు తలనొప్పి రావచ్చు.

రాత్రుల లెక్క

సాధారణంగా చెప్పే నియమం ఇది: 3,000 మీటర్లు దాటాక, పడుకునే చోటు ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదు. పగలు ఎంత ఎత్తుకు వెళ్లి వచ్చారన్నదానికన్నా రాత్రి ఎక్కడ పడుకున్నారన్నదే ముఖ్యం. నిద్రలో శ్వాస మందగిస్తుంది, ఆక్సిజన్ ఇంకా తగ్గుతుంది.

ఇప్పుడు మామూలు ప్యాకేజీ చూడండి. 1,300 మీటర్ల గుప్తకాశీలో ఒక రాత్రి. తెల్లవారి సోన్‌ప్రయాగ్, గౌరీకుండ్, అక్కడి నుంచి 16 కిలోమీటర్లకు పైగా ఎక్కడం. ఆ రాత్రే 3,583 మీటర్ల దగ్గర పడక. ఒక్క రోజులో రెండు వేల మీటర్లకు పైగా దూకినట్టే. యమునోత్రి, గంగోత్రి, ఆ తర్వాతే కేదార్, బదరీ అన్న పాత వరసలో వెళ్లేవాళ్లకు ఈ బాధ కొంత తక్కువ, ఎందుకంటే గంగోత్రి నాటికే 3,000 మీటర్ల గాలి వాళ్లకు కొంత అలవాటవుతుంది. రెండు ధామాలే చూసేవాళ్లు ముందు బదరీనాథ్ వెళ్లడం మేలని నా అభిప్రాయం. అక్కడికి రోడ్డు ఉంది. దారిలో సుమారు 1,900 మీటర్ల జోషీమఠ్‌లో ఒక రాత్రి, 3,100 మీటర్ల పైన ఉన్న బదరీలో ఒక రాత్రి గడిపి కేదార్‌కు వస్తే శరీరం సగం పని ముందే చేసుకుని ఉంటుంది. ఏజెంటు ఒప్పుకోకపోతే కనీసం గౌరీకుండ్‌లోనైనా ఒక రాత్రి ఆగండి, అది దాదాపు 2,000 మీటర్లు.

హెలికాప్టర్ గురించి. "నాన్నగారికి గుండె జబ్బు కదా, అందుకే హెలికాప్టర్ బుక్ చేశాం" అంటారు. నడక శ్రమ తప్పుతుంది, నిజమే. కానీ కొండ గాలికి అలవాటు పడే సమయం అసలే దొరకదు. అలా వెళ్లినవాళ్లు దర్శనం చేసుకుని అదే రోజు దిగిపోవాలి, రాత్రి ఉండకూడదు. వాతావరణం పాడైతే హెలికాప్టర్లు ఆగిపోతాయి, అప్పుడు పెద్దాయన పైనే చిక్కుకుంటారు. అందుకని డోలీలో దిగే ఏర్పాటు, అందుకు సరిపడా డబ్బు చేతిలో ఉంచుకోండి.

బయలుదేరే ముందు

రెండు నెలల ముందు నుంచి రోజూ నడవండి, వారంలో రెండు మూడు సార్లు మెట్లెక్కండి. ఎత్తులో ఆక్సిజన్ చాలక వచ్చే తలనొప్పి, వికారం లాంటి ఎత్తు జబ్బును ఇది ఆపదు. అదే కొండను గుండె తక్కువ శ్రమతో ఎక్కడానికి పనికొస్తుంది. బీపీ, షుగర్, హిమోగ్లోబిన్ పరీక్షలు అందరూ చేయించుకోవాలి. యాభై దాటినవాళ్లు, ఛాతీ నొప్పి ఎప్పుడైనా వచ్చినవాళ్లు గుండె డాక్టర్ని కలవాలి. ఈ మధ్యే గుండెపోటు వచ్చినా, స్టెంట్ వేసినా, ఊపిరితిత్తుల రక్తనాళాల్లో బీపీ ఎక్కువగా ఉన్నా, ముదిరిన సీఓపీడీ (ఊపిరి ఆడనివ్వని దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు) ఉన్నా ఈ ఏడాది యాత్ర మానుకోమని ఆయన అంటే వాదించకండి. హిమోగ్లోబిన్‌ను తేలిగ్గా తీసుకోకండి. మన రెండు రాష్ట్రాల్లోనూ సగానికి పైగా ఆడవాళ్లలో రక్తహీనత ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. ఆక్సిజన్‌ను మోసేదే తక్కువైతే కొండ మీద ఆయాసం ఇంకా పెరుగుతుంది. ఐరన్ మాత్రలు ఆఖరి వారంలో మింగితే ఫలితం ఉండదు, రెండు మూడు నెలల ముందే మొదలుపెట్టాలి. ఏజెన్సీ ప్రాంతాల వాళ్లు, కుటుంబంలో సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంకరపోయే వంశపారంపర్య జబ్బు) ఉన్నవాళ్లు ఆ పరీక్ష కూడా చేయించుకోవాలి. జబ్బు లేకుండా ఆ జన్యువు మాత్రమే మోస్తున్నవాళ్లకు కూడా ఇంత ఎత్తులో ప్లీహం (స్ప్లీన్) దెబ్బతినే ప్రమాదం ఉంది.

డయామాక్స్ అనే మాత్ర మూత్రపిండాల చేత పైన చెప్పిన, రక్తాన్ని సర్దే పనిని తొందరగా చేయిస్తుంది. మామూలుగా 125 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, ఎక్కే ముందు రోజు నుంచి ఇస్తారు. డాక్టర్ రాస్తేనే వేసుకోండి. సల్ఫా మందులు పడనివాళ్లు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు ఆ మాట ముందే చెప్పాలి. వేసుకున్నాక వేళ్లు తిమ్మిరెక్కినట్టుంటే, సోడా చప్పగా అనిపిస్తే కంగారు పడకండి, అది మందు ప్రభావమే. బీపీ మాత్రల్లో కొన్ని గుండె వేగాన్ని పెరగనివ్వవు, కొన్ని ఒంట్లో నీటిని తోడేస్తాయి. అలాగని సొంతంగా మానేయకండి, మోతాదు మార్చాలో లేదో డాక్టరే చెప్పాలి. ఇన్సులిన్ గడ్డకడితే పనికిరాదు, దాన్ని లోపలి జేబులో ఒంటికి ఆనించి పెట్టుకోండి.

కడుపు సంగతి

"దర్శనం అయ్యేదాకా పచ్చిగంగ కూడా ముట్టను" అనే పట్టుదల ఈ కొండ మీద వద్దు. చలిగాలిలో వేగంగా ఊపిరి తీస్తుంటే ఒంట్లోని తేమ ఊపిరితో పాటే పోతుంది, దాహం మాత్రం వేయదు. షుగర్ మందులు వేసుకునేవాళ్లకు ఉపవాసం మరీ ప్రమాదం. అలాగని కడుపు నిండా తినడమూ తప్పే. ఎత్తులో జీర్ణం మందగిస్తుంది, బయట ఒత్తిడి తగ్గడంతో పేగుల్లోని గ్యాస్ ఉబ్బుతుంది. పప్పులు, నూనె వంటలు, పూరీలు ఆ రెండు రోజులు పక్కన పెట్టండి. అన్నం, జావ, అటుకులు, బెల్లం, అరటిపండు మంచివి. పిండిపదార్థాన్ని శక్తిగా మార్చుకోవడానికి కొవ్వు కన్నా తక్కువ ఆక్సిజన్ సరిపోతుంది. కొద్దికొద్దిగా, మాటిమాటికీ తినండి. మరిగించిన నీళ్లే తాగండి, ఓఆర్‌ఎస్ పొట్లాలు ఉంచుకోండి. విరేచనాలు పట్టుకుంటే నీరు పోయి నడక ఆగిపోతుంది.

జలుబు, దగ్గు, జ్వరం ఉంటే తగ్గేదాకా కిందే ఉండండి. కొత్త ఎత్తులో రోగనిరోధక శక్తి కొంత తగ్గుతుంది, ఊపిరితిత్తుల్లో ఇన్ఫెక్షన్ ఉన్నవాళ్లకు అక్కడ నీరు చేరే ముప్పు ఎక్కువ.

పైకి చేరాక

ఎక్కేటప్పుడు పక్కవాళ్లతో పూర్తి వాక్యం మాట్లాడగలిగేంత వేగమే సరైన వేగం. కర్పూరం వాసన చూస్తే ముక్కు చల్లబడి గాలి బాగా ఆడినట్టు అనిపిస్తుందే గానీ రక్తంలో ఆక్సిజన్ పెరగదు. చిన్న ఆక్సిజన్ డబ్బా కొన్ని నిమిషాల ఊరట, అంతే. దాన్ని నమ్ముకుని పైన పడుకోవద్దు. మద్యం, నిద్రమాత్రలు శ్వాసను ఇంకా మందగింపజేస్తాయి. బదరీనాథ్‌లో తప్తకుండం అనే వేడినీటి గుండంలో గుండె జబ్బు ఉన్నవాళ్లు ఎక్కువసేపు మునిగి ఉండొద్దు, చటుక్కున లేవొద్దు. వేడికి రక్తనాళాలు వెడల్పయి బీపీ పడిపోతుంది, కళ్లు తిరుగుతాయి.

కోవిడ్ రోజుల్లో కొన్న ఆక్సీమీటర్‌ను చాలామంది వెంట తీసుకెళ్తారు. అప్పట్లో 94 కన్నా తగ్గితే టెన్షన్ పడిపోయేవాళ్లం. కేదార్‌నాథ్‌లో ఆరోగ్యంగా ఉన్న మనిషికి కూడా 85-90 మధ్య కనిపించడం మామూలే. వేలు చల్లగా ఉంటే తప్పు అంకె చూపిస్తుంది, చేతులు రుద్ది వెచ్చబరచి చూడండి. అంకె కన్నా మనిషిని చూడటం ముఖ్యం. రాత్రి పక్కన పడుకున్నవాళ్ల ఊపిరి కొన్ని సెకన్లు ఆగి మళ్లీ అందుకోవడం కూడా ఎత్తులో సహజమే.

తలనొప్పి, వికారం, ఆకలి లేకపోవడం, నీరసం ఉంటే ఇంకా పైకి వెళ్లకుండా విశ్రాంతి తీసుకోవాలి. తగ్గకపోతే దిగాలి. మూడు లక్షణాల్లో ఏది కనిపించినా మాత్రం ఆలస్యం చేయకూడదు. ఒకటి, కదలకుండా కూర్చున్నా ఆయాసం, దానితో పాటు దగ్గు, గులాబీ రంగు నురగ. ఇది ఊపిరితిత్తుల్లో నీరు చేరడం, తరచుగా రెండో రాత్రి బయటపడుతుంది. రెండోది తడబాటు. ఒక కాలి మడమకు రెండో కాలి వేళ్లు ఆనిస్తూ నేల మీద గీత వెంట నడిచినట్టు నడవమనండి, తూలితే మెదడులో వాపు వస్తోందని అనుమానించాలి. ఛాతీలో బిగుతు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి మూడోది, అది గ్యాస్ అనుకుని సోడా తాగించొద్దు. దగ్గర్లోని మెడికల్ పోస్టుకు తీసుకెళ్లి ఆక్సిజన్ పెట్టించండి, అది అందుతుండగానే కిందికి దింపే ఏర్పాటు చూడండి. మెదడు వాపు వచ్చిన మనిషి "నాకేం కాలేదు, వదిలేయండి" అనే అంటారు, ఆ మాట వినొద్దు. నడిపించకుండా డోలీలోనో స్ట్రెచర్ మీదో దింపండి. ఒంటరిగా పంపకుండా, మందుల చీటీలు పట్టుకుని కుటుంబంలో ఒకరు వెంట వెళ్లాలి.