తృప్తి ఇంట్లోనే నేర్చుకోవాలి

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లాలోని మా ఉద్దానాన్ని ఊడ్చేసింది. మా ఇరవై రెండు కొబ్బరి చెట్లలో నాలుగు మిగిలాయి. ఆ మరుసటి ఏడే మా తోడికోడలు విశాఖలో ఫ్లాటు కొనుక్కుంది. గృహప్రవేశం నుంచి వచ్చాక వారం రోజులు నేను మా ఆయనతో ముఖమిచ్చి మాట్లాడలేదు. పుట్టుకతోనే నెమ్మది గలవారికి కాదు, నాలాంటివారికే ఇది రాస్తున్నాను.

ఏ స్థితిలోనైనా సంతృప్తిగా ఉండడం "నేర్చుకొనియున్నాను" అని అపొస్తలుడైన పౌలు చెరలో బంధకాల్లో ఉండి ఫిలిప్పీ సంఘంవారికి రాశాడు. నేర్చుకున్నాడంటే ఆయనకూ మొదట రాలేదనే కదా! ఆ మాటే నాకు ధైర్యం.

ముందు మీ మనసు ఏ వేళ చెదురుతుందో కనిపెట్టండి. నాకైతే రాత్రి భోజనాలయ్యాక, ఫోనులో బంధువుల ఫొటోలు చూసేటప్పుడు. సరిగ్గా ఆ వేళకే కుటుంబ ప్రార్థన పెట్టుకున్నాను. ఒక్కొక్కరూ ఆ రోజు అందుకున్న ఒక్క మేలు చెప్పాలి. అరణ్యంలో ఇశ్రాయేలీయులకు దేవుడిచ్చిన ఆహారం మన్నాలాగే, ఏ రోజుది ఆ రోజే. "అన్నీ ఇచ్చావు ప్రభువా" అంటే మా ఇంట్లో చెల్లదు. "ఈరోజు జీడిపప్పు పొట్టు సులువుగా వచ్చింది, ఒక కిలో ఎక్కువ తీశాను" అంటాను నేను. ఒక రాత్రి మా చిన్నది "అమ్మ ఈరోజు కోప్పడలేదు" అంది. చాలాసేపు నిద్ర పట్టలేదు నాకు.

మనకన్నా లేనివారిని చూసి తృప్తి పడమంటారు పెద్దలు. నా మనసు ఒప్పుకోదు. పక్కింటివారి లేమి మన స్తోత్రానికి కారణం కాకూడదు. వాళ్లు గుర్తొస్తే ఆ పూట ఒక గిన్నెడు కూర పంపండి.

బాధ దాచుకుని నవ్వడమూ తృప్తి కాదు. కీర్తనల్లో దావీదు ఎంత మొరపెట్టుకోలేదు! పిల్లల ఫీజుకు డబ్బు లేకపోతే ముందు దేవునికి, తర్వాత మా ఆయనకు ఉన్నదున్నట్టు చెబుతాను. చేసిన పనికి న్యాయమైన కూలి అడగడానికీ వెనుకాడను.

అన్నిటికన్నా కష్టం అసూయ. ఎవరిని చూస్తే మనసు మండుతుందో వారి పేరెత్తి, వారికి మేలు చేయమని అడగండి. మొదటి నెల నాకు మాట పెగల్లేదు. తోడికోడలి పేరు చెప్పి ఆమెన్ అనేదాన్ని, అంతే. అయినా మానలేదు.

ఈ వేసవిలో ఆమె పిల్లలు వచ్చి పది రోజులున్నారు. తుపాను తర్వాత నాటిన మొక్కల్లో రెండు కాపుకొచ్చాయి. మొదటి బొండాలు దింపించి, సగం వాళ్లమ్మకు సంచిలో కట్టి పంపాను.