జేబుచాకు నేర్చుకుందాం – నాలుగో పాఠం: ముందు పిడి చూడండి

పోయిన పాఠంలో ఒక పని అప్పగించాను. వారం రోజులపాటు ఏమేం కోశారో, చాకు లేక దేన్ని పళ్లతో కొరికి తెంపారో రాసిపెట్టమన్నాను. ఆ కాగితం తీసి ముందు పెట్టుకోండి. అట్టపెట్టె టేపు, ప్లాస్టిక్ సంచి, పురికొస, ఓ పండు, చొక్కా అంచున వేలాడుతున్న దారం... చాలామంది రాసేది ఇంతే. వీటిలో దేనికీ జానెడు అలుగు (చాకులో కోసే రేకు) అక్కర్లేదు. అలాగని మరీ చిన్నదైతే పండు దగ్గరే ఇబ్బంది. 5 సెంటీమీటర్ల అలుగు పెద్ద ఆపిల్ పండు అవతలి అంచుకు అందదు, సగంలో ఆపి పండు తిప్పుకోవాలి. అలుగు 7 నుంచి 9 సెంటీమీటర్ల మధ్య ఉంటే ఈ పనులన్నీ అయిపోతాయి. మనం మధ్యరకం అనేది ఈ కొలతనే.

అయితే అలుగు నచ్చిందని చాకు కొనేయకండి. కొత్తవాళ్లందరూ చేసేది అదే, నేనూ అదే చేశాను. అలుగు అందంగా ఉందని ఒక పొట్టి పిడి చాకు తీసుకున్నాను. ఒకరోజు వరసగా అట్టపెట్టెలు విప్పాల్సి వచ్చింది. చిటికెన వేలికి పిడి మీద చోటు లేదు. బలం పెట్టిన ప్రతిసారీ చాకు చేతిలో ఓ పక్కకి తిరిగేది, దాన్ని ఆపడానికి ఇంకా గట్టిగా బిగించేవాణ్ని. సాయంత్రానికి పిడి చివర ఒత్తుకున్న చోట అరచేతిలో బొబ్బ లేచింది. అలుగు పదునుగానే ఉంది, లోపమంతా పట్టులోనే.

అందుకని స్కేలు తీసుకుని, నాలుగు వేళ్లూ దగ్గరగా ఉంచి, బొటనవేలు వదిలేసి, వేళ్ల మొదళ్ల దగ్గర అరచేతి వెడల్పు కొలవండి. పెద్దవాళ్లకు ఇది 8 సెంటీమీటర్లకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. దానికి 2 సెంటీమీటర్లు కలపండి. మీ పిడి అంతకు తగ్గకూడదు. మడతచాకులో అలుగంతా పిడిలో దూరాలి కాబట్టి పిడి ఎలాగూ అలుగు కంటే పొడవే ఉంటుంది. ఒపినెల్ కంపెనీ 8వ నంబరు చాకునే చూడండి, అలుగు 8.5 సెంటీమీటర్లు, పిడి దాదాపు 11.

చాకు చేతికొచ్చాక ఇలా చేయండి. మూసి ఉన్న చాకును గుప్పిట్లో పెట్టి, గట్టిగా బిగించి, పది లెక్కపెట్టి వదలండి. అరచేయి చూసుకోండి. లేత ఎరుపు పరుచుకుని ఉంటే పరవాలేదు. ఒకే చోట సన్నటి గీత పడిందంటే అక్కడ జేబుకు తగిలించే క్లిప్పు అంచో, స్క్రూ తలో, సరిగా నునుపు చేయని మూలో ఉందన్నమాట. పది అంకెల్లోనే అంత గీత పెట్టింది గంటసేపు పనిచేస్తే ఊరుకోదు.

బరువు సంగతి క్లుప్తంగా చెప్తాను. 60 నుంచి 110 గ్రాముల దాకా జేబు మోస్తుంది. 1964లో వచ్చిన బక్ 110 చాకు గట్టిదే, పేరున్నదే, కానీ 200 గ్రాములుంటుంది. అందుకే దాన్ని నడుముకు ఒరలో పెట్టుకుంటారు.

ఇక లాక్, అంటే తెరిచిన అలుగు మడతపడకుండా పట్టి ఉంచేది. విక్టోరినాక్స్ చిన్న చాకుల్లాంటి వాటిలో చాలావాటికి లాక్ ఉండదు, వీపు వైపున్న స్ప్రింగు బలంతోనే అలుగు నిలబడుతుంది. వాదరతో, అంటే అలుగు పదును అంచుతో, లాగి కోసినంతసేపూ దానికి ఢోకా లేదు. మొనతో పొడిచినప్పుడే అలుగు మడుచుకుని వేళ్ల మీదికి వస్తుంది. మీ కాగితంలో పొడిచే పనులుంటే లాక్ ఉన్నదే తీసుకోండి. ఒపినెల్‌కు 1955లో వచ్చిన తిరిగే ఉంగరం, పిడి వీపున నొక్కితే వదిలే బ్యాక్ లాక్, ఈ రెండూ ఎడమచేతివాళ్లకూ అనుకూలమే. లైనర్ లాక్‌లో పిడి లోపలి పలుచటి రేకు పక్కకు జరిగి అలుగు మొదలు కింద ఆనుకుంటుంది. ఇవి ఎక్కువగా కుడిచేతి వాటానికే చేస్తారు. అలుగు తెరిచి ఆ రేకు ఎక్కడ ఆగిందో వెలుతురులో చూడండి. అంచున వేలాడుతున్నట్టుంటే వద్దు. అవతలి గోడ దాకా పోయిందంటే అప్పటికే అరిగిందని అర్థం. తర్వాత, వేళ్లు అలుగు దారిలో లేకుండా పిడిని పక్కల పట్టుకుని, రెండో అరచేత్తో అలుగు వీపును మెల్లగా నొక్కండి. కొంచెం కూడా లొంగకూడదు. బల్లకేసి కొట్టి చూడటం పరీక్ష కాదు, దాంతో మంచి లాక్ కూడా పాడవుతుంది.

లాక్ ఎంచుకునే ముందే మీరుండే చోట చట్టం ఏమంటుందో చూసుకోండి. బ్రిటన్‌లో అలుగు వాదర 3 అంగుళాలకు మించని, లాక్ లేని మడతచాకును కారణం చెప్పకుండా వెంట ఉంచుకోవచ్చు. లాక్ ఉంటే మాత్రం తగిన కారణం చూపించాలి. విమానం ఎక్కేటప్పుడు చాకు చేతిసంచిలో ఉండకూడదు, లోపలికి పంపే పెట్టెలో పెట్టాలి.

ఉక్కు రకాల మీద ఇప్పుడే బుర్ర పాడుచేసుకోవద్దు. పండ్లు కోస్తారా, చెమట పట్టే జేబా, అయితే 12సీ27, 14సీ28ఎన్, వీజీ-10 లాంటి స్టెయిన్‌లెస్ తీసుకోండి. కార్బన్ ఉక్కు సాన మీద తేలిగ్గా దారికొస్తుంది కానీ తుడవకుండా వదిలితే తుప్పు పడుతుంది. వీటన్నిటికంటే అలుగు మందం చూడటం ముఖ్యం. ఆపిల్ పండు మీద పెట్టి నొక్కితే మందపాటి అలుగు సగం దిగాక పండును టక్కున చీల్చేస్తుంది. 2 మిల్లీమీటర్లకు అటూ ఇటూ ఉన్నది అడుగుదాకా కోసుకుంటూ పోతుంది. తెగిన ముఖం మీద వేలు పెట్టి చూడండి. కోసిన చోట నున్నగా, చీలిన చోట గరుగ్గా తగులుతుంది.

ఈ వారం పని: అట్టపెట్టె నుంచి మీ పిడి కొలతకు, 3 సెంటీమీటర్ల వెడల్పున ముక్కలు కోయండి. మందం 12 మిల్లీమీటర్లు వచ్చేదాకా ఒకదాని మీద ఒకటి అంటించండి. దాన్ని రెండు రోజులు జేబులో పెట్టుకు తిరగండి. కూర్చున్నప్పుడు తొడకు ఎక్కడ గుచ్చుకుంటోంది, తాళంచెవులు తీస్తుంటే అడ్డొస్తోందా, గొంతుకూర్చుంటే జారి బయటికొస్తోందా, అన్నీ రాసుకోండి. జారిపోతుంటే క్లిప్పు ఉన్న చాకే కావాలి. మిగిలిన అట్టను పారేయకండి. ఐదో పాఠంలో సానరాయి దగ్గర 20 డిగ్రీల కోణపు ముక్కను దాంట్లోంచే కత్తిరించుకుంటాం.