వాటర్ కెనన్ వార్త చదివే ముందు ఒప్పందం తెరవండి

పందొమ్మిదేళ్లు విదేశీ వార్తల డెస్క్‌లో పనిచేశాను. చైనా కోస్ట్ గార్డ్ ఫిలిప్పీన్స్ పడవ మీద నీళ్లు చిమ్మిందని ఏజెన్సీ కాపీ వచ్చినప్పుడల్లా మొదట్లో నేను పెట్టిన హెడ్డింగ్ ఒకటే: "దక్షిణ చైనా సముద్రంలో యుద్ధమేఘాలు". వారం తిరక్కుండా మళ్లీ అదే వార్త, మళ్లీ అవే మేఘాలు. యుద్ధం రాలేదు. అంతమాత్రాన ఏమీ జరగలేదని కాదు. జరుగుతున్నది వేరే, దాన్ని నా హెడ్డింగే కప్పేసింది. ఆ తప్పు దిద్దుకుంటూ నేర్చుకున్న చదివే పద్ధతి ఇది.

ముందు అమెరికా, ఫిలిప్పీన్స్ 1951 ఆగస్టు 30న కుదుర్చుకున్న పరస్పర రక్షణ ఒప్పందాన్ని ప్రింట్ తీసి దగ్గర పెట్టుకోండి. మొత్తం 8 ఆర్టికల్స్. మీకు కావలసినవి నాలుగు, అయిదు. "సాయుధ దాడి", "పసిఫిక్ ప్రాంతం", "రాజ్యాంగ ప్రక్రియల ప్రకారం" అన్న మూడు మాటల కిందా పెన్సిలుతో గీత గీయండి. ఫిలిప్పీన్స్ మీద దాడి జరిగిన మరుక్షణం అమెరికా యుద్ధంలోకి దూకుతుందని అందులో ఎక్కడా లేదు. ఉమ్మడి ప్రమాదాన్ని ఎదుర్కోవడానికి తన రాజ్యాంగం చెప్పిన దారిలో చర్య తీసుకుంటానని మాత్రమే ఉంది. నాటో ఒప్పందంలోని అయిదో ఆర్టికల్ కూడా ఏ చర్య అవసరమో తేల్చుకునే హక్కును సభ్యదేశానికే వదిలింది. ఎక్కడ జరిగిన దాడికి ఒప్పందం వర్తిస్తుందో ఆరో ఆర్టికల్ హద్దు గీసింది. 1961లో భారత సైన్యం గోవాలోకి వెళ్లినప్పుడు పోర్చుగల్ నాటో వ్యవస్థాపక సభ్యదేశమే. గోవా మాత్రం ఆ హద్దుకు అవతల ఉంది. ఒప్పందంలో ఒక భౌగోళిక పదానికి ఎంత బరువు ఉంటుందో తెలియడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

ఇప్పుడు వార్తకు రండి. ఎవరు, ఏ ఓడతో, దేనితో కొట్టారో చూడండి. ఫొటో ఉంటే ఓడ రంగు చూడండి. తెల్ల ఓడ అయితే కోస్ట్ గార్డ్. చేపల పడవల్లా కనిపిస్తూ గుంపుగా నిలబడినవి చాలాసార్లు సముద్ర మిలీషియావి, అంటే చేపలవాళ్లలా కనిపిస్తూ చైనా ప్రభుత్వం తరఫున పనిచేసే దళానివి. బూడిద రంగు యుద్ధనౌక సాధారణంగా వెనక, దూరంగా ఉంటుంది. తుపాకీ పేలితే అది సాయుధ దాడి అని ఎవరైనా ఒప్పుకుంటారు. నీళ్లు చిమ్మితే? 2023 ఫిబ్రవరిలో ఫిలిప్పీన్స్ కోస్ట్ గార్డ్ సిబ్బంది కళ్లలోకి చైనా కోస్ట్ గార్డ్ వాళ్లు లేజర్ కొట్టారు. అది? 2024 జూన్ 17న, చైనా, ఫిలిప్పీన్స్ రెండూ తమదనే సెకండ్ థామస్ దిబ్బ దగ్గర చైనా సిబ్బంది చిన్న పడవల్లో గొడ్డళ్లు, కత్తులు పట్టుకుని వచ్చారు. ఫిలిప్పీన్స్ నావికుడొకరికి బొటనవేలు తెగిపోయింది. తూటా పేలలేదు. అంతకు సరిగ్గా 17 రోజుల ముందు, సింగపూర్ భద్రతా సదస్సులో ఫిలిప్పీన్స్ అధ్యక్షుడు మార్కోస్, తమ పౌరుడు ఉద్దేశపూర్వక చర్యలో చనిపోతే అది యుద్ధ చర్యకు చాలా దగ్గరగా వచ్చినట్టేనన్నారు. వేలు తెగింది, ప్రాణం పోలేదు. ఇది సాయుధ దాడి కాదని మనీలా ప్రభుత్వమే చెప్పాల్సి వచ్చింది.

ఆ పూట నా దృష్టిలో అసలు వార్త అదే. సాయుధ దాడి అనే గీత ఎక్కడుందో చైనా కొలుచుకుని, దానికి జానెడు ఇవతల అడుగు వేయడం. దాంతో ఫిలిప్పీన్స్, అమెరికా ఇద్దరి మనసుల్లోనూ ప్రశ్న పుడుతుంది. "నిజంగా వస్తారా?" అని చిన్న మిత్రుడు, "ఈ దిబ్బ కోసం అణ్వస్త్ర దేశంతో తలపడాలా?" అని పెద్ద మిత్రుడు. భేదోపాయం సముద్రం మీద ఇలాగే కనిపిస్తుంది.

సెకండ్ థామస్ దిబ్బ దగ్గర కాస్త ఆగుదాం. ఒప్పందం చదవడమంటే ఏమిటో నాకు అర్థమైంది అక్కడే. 2016 జులై 12న అంతర్జాతీయ ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పు ప్రకారం ఆ దిబ్బ ఆటుపోటుల్లో మునిగి తేలేది. అది ఫిలిప్పీన్స్ ప్రత్యేక ఆర్థిక మండలంలో, అంటే చేపలు, చమురు లాంటి సముద్ర వనరుల మీద ఆ దేశానికి హక్కుండే జలాల్లో ఉంది. కానీ అలాంటి దిబ్బ ఎవరికీ భూభాగం కాదు. అంటే ఒప్పందంలో "ద్వీప భూభాగాలు" అన్న మాట దీనికి పనికిరాదు. పనికొచ్చేవి ఆ వెంటనే ఉన్న మాటలు: సాయుధ బలగాలు, ప్రభుత్వ నౌకలు. 1999లో ఫిలిప్పీన్స్ అక్కడ సియెరా మాద్రె అనే పాత ఓడను కావాలని దిబ్బకెక్కించింది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా కట్టిన ఓడ. తుప్పు పట్టి బొక్కలు పడినా అది ఇప్పటికీ నౌకాదళం లెక్కల్లో ఉన్న నౌకే, అందులో మెరైన్లు ఉన్నారు. రక్షణ హామీ ఆ తుప్పు రేకుల మీద ఆనుకుని ఉంది. అందుకే చైనా ఆ ఓడ జోలికి పోకుండా, దానికి బియ్యం, నీళ్లు, మరమ్మతు సామాను తెచ్చే పడవలను ఆపుతూ వచ్చింది.

పక్కన ఒక కాగితం మీద సంవత్సరాలు రాసుకోండి. 1991 సెప్టెంబరులో అమెరికా స్థావరాల ఒప్పందాన్ని ఫిలిప్పీన్స్ సెనేట్ 12-11 ఓట్లతో తిరస్కరించింది. 1992 నవంబరులో సూబిక్ బే నౌకాస్థావరం నుంచి అమెరికా వెళ్లిపోయింది. 1995లో ఫిలిప్పీన్స్ కూడా తనదనే మిస్చీఫ్ దిబ్బ మీద చైనా కట్టడాలు తేలాయి. ఒకటి జరిగినందుకే మరొకటి జరిగిందని తేల్చడానికి ఈ వరుస ఒక్కటే చాలదు. కానీ ఇది తెలియకుండా రోజువారీ కాపీ చదివితే తల మాత్రం తిరుగుతుంది.

ఆ తర్వాత వ్యాపారం పేజీ తిప్పండి. 2012లో మరో వివాదాస్పద దిబ్బ స్కార్‌బరో దగ్గర రెండు దేశాల ఓడలు ఎదురెదురుగా నిలబడి ఉండగానే ఫిలిప్పీన్స్ అరటిపళ్లు చైనా రేవుల్లో ఆగిపోయాయి. 2017లో దక్షిణ కొరియాలో అమెరికా క్షిపణి నిరోధక వ్యవస్థ థాడ్ దిగినప్పుడు చైనాలోని కొరియా కంపెనీ లొట్టే దుకాణాలు మూతపడ్డాయి, కొరియాకు వెళ్లే చైనా పర్యాటక బృందాలు ఆగాయి. దండంతో పాటు దానం కూడా ఉంటుంది. 2016 అక్టోబరులో బీజింగ్ వెళ్లిన అప్పటి ఫిలిప్పీన్స్ అధ్యక్షుడు డుటెర్టె అక్కడే అమెరికాతో తెగతెంపులని ప్రకటించారు, పెట్టుబడుల హామీలతో తిరిగొచ్చారు. 2020లో అమెరికా బలగాల రాకపోకల ఒప్పందాన్ని రద్దు చేస్తామని నోటీసిచ్చి 2021లో వెనక్కి తీసుకున్నారు. మిత్రకూటమికి పడే పగులు తరచు ఎన్నికల ఫలితాల్లోనే మొదట కనిపిస్తుంది.

కూటమి జవాబును ప్రకటనలతో కొలవకండి. "ఉక్కు లాంటి బంధం" అన్న మాట నేను ఎన్నిసార్లు అనువదించానో లెక్కలేదు. ఒప్పందంలోని పదాలకు అర్థం మారిందా అని చూడండి. పసిఫిక్ అంటే దక్షిణ చైనా సముద్రం కూడా అని అమెరికా విదేశాంగ మంత్రి 2019లో మనీలాలో చెప్పారు. 2023 మే నాటి రెండు దేశాల రక్షణ మార్గదర్శకాల్లో కోస్ట్ గార్డ్ నౌకలూ చేరాయి. అదే ఏడాది అమెరికా బలగాలు వాడుకోగల స్థావరాలు 5 నుంచి 9కి పెరిగాయి. చైనా గీత దాకా నడిచిన ప్రతిసారీ ఆ గీతనే కాస్త ముందుకు జరిపే ప్రయత్నం ఇది.

ఒక మాట మనసుపెట్టి చెబుతున్నాను. బీజింగ్ వాదనను దాని మాటల్లోనే చదవండి. సైనిక కూటములు ప్రచ్ఛన్న యుద్ధకాలపు ఆలోచన అని, ఒక దేశం తన భద్రతను మరో దేశం భద్రతను బలిపెట్టి పెంచుకోకూడదని అది చెబుతుంది. 2022 ఫిబ్రవరి 4న రష్యాతో కలిసి చేసిన ప్రకటనలో నాటో విస్తరణను వ్యతిరేకించింది కూడా ఈ భాషలోనే. 2016 తీర్పును తాను ఒప్పుకోనని మొదటి నుంచీ అంటోంది. ఒప్పుకోవాలని మిమ్మల్ని అడగడం లేదు. ఎదుటి పక్షం ఏ న్యాయం చెప్పుకుంటుందో తెలియని పాఠకుడికి, దాని తర్వాతి అడుగు ప్రతిసారీ హఠాత్తుగా వచ్చినట్టే ఉంటుంది.

ఈసారి సెకండ్ థామస్ దిబ్బ నుంచి వార్త వస్తే నీళ్ల ధార ఫొటోను దాటి కిందికి చదవండి. సరకుల పడవ ఓడను చేరిందా? ఏమేం మోసుకెళ్లింది, తిండి మాత్రమేనా, సిమెంటు, ఇనుము కూడానా? ఆ వివరం చాలాసార్లు ఏడో ఎనిమిదో పేరాలో ఉంటుంది. డెస్క్‌లో చోటు చాలనప్పుడు మేం ముందు కోసేసేది కూడా ఆ పేరానే.