కువైట్‌లో కొత్తగా ఇంటి డ్రైవర్‌గా చేరబోయే తమ్ముళ్ళకు

కడప నుంచి కువైట్‌కు పోయే పిల్లోళ్ళకు పాస్‌పోర్టు, మెడికల్, ఏజెంటు సంగతులు చెప్పేవాళ్ళు వీధికి పదిమంది ఉన్నారు. అక్కడ దిగినాక, ఇంటాయన నీ చేతిలో బండి తాళాలు పెట్టిన మరుసటి రోజు ఏం చెయ్యాలో చెప్పేవాళ్ళే లేరు. పద్నాలుగేళ్ళు ఆ పని చేసి వచ్చినోణ్ణి కాబట్టి చెప్తున్నా. ఇప్పుడు కడపలోనే బొలెరో పికప్ పెట్టుకుని టమాటా, అరటి లోడ్లు తోలుకుంటున్నా.

మొదట రెండు మూడు మాటలు. అక్కడ ఇంటాయన బాబా, ఇంటామె మామా. మా అక్క కొడుకు పోయిన కొత్తల్లో వంటగదిలో నిలబడి నాకు ఫోన్ చేసి "మామా, మామా" అని అరిస్తే, లోపలి నుంచి ఆమె పరుగెత్తుకొచ్చిందంట. పికప్‌ను వనేట్ అంటారు. టైర్ల కొట్టు బంచర్. బండి రిజిస్ట్రేషన్ కాగితం దఫ్తర్. స్టీరింగ్ ఎడమ పక్క, నడిపేది కుడి పక్క. అది పదిరోజుల్లో అలవాటయిపోతుంది.

అలవాటు కానిది ఎండ. 2016 జూలైలో అక్కడి మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదయింది. మే నెలలో కడప ఏడురోడ్ల కాడ నిలబడినోళ్ళం, మాకేం ఎండ కొత్తనా అనుకోవద్దు. మధ్యాహ్నం బయట పెట్టిన స్పానర్‌ను వట్టి చేత్తో పట్టుకుంటే తెలుస్తుంది. జూన్ 1 నుంచి ఆగస్టు 31 దాకా పదకొండు నుంచి నాలుగింటి వరకు ఎండలో కూలీల చేత పని చేయించకూడదని అక్కడి ప్రభుత్వమే నిబంధన పెట్టింది. బానెట్ ఎత్తే పని ఏదయినా తెల్లారుజామున పెట్టుకో.

ఏడాదికొకసారి బండిని మొత్తంగా చూసుకునే పనికి మంచి అదును అక్టోబరు. ఎండలు తగ్గుతాయి, నవంబరు నడిమి నుంచి వాళ్ళు ఎడారిలో గుడారాలేసుకునే కాలం మొదలవుతుంది, వనేట్‌కు ఊపిరాడదు. మనకూ అప్పుడే దసరా. ఆయుధపూజకు బండి కడిగి, బొట్టుపెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టే ముందు ఎట్లాగూ ఒకసారి అంతా చూస్తాం కదా, అదే లెక్క పెట్టుకో.

బాబాను అడగకుండా మాత్రం ఏదీ విప్పొద్దు. కొత్త బండి అయితే వారంటీ ఉంటుంది, ఆయిల్ కూడా షోరూములోనే మార్చాలంటారు. పెద్ద పనులకు షువేఖ్ గ్యారేజీలు ఉండనే ఉన్నాయి. నువ్వు చెయ్యాల్సింది చూడటం, శుభ్రం చెయ్యడం, తేడా కనిపిస్తే ముందే చెప్పడం.

టైర్ల దగ్గర మొదలుపెట్టు. నా రెండో ఏడాది, వఫ్రాలో మా బాబా తోటకు పోతుంటే వెనక టైరు పేలిపోయింది. గీతలు చూస్తే కొత్త టైరే, వేలు పెడితే దిగేంత లోతు. బంచర్‌లో ఉన్న పెద్దాయన ఏమీ మాట్లాడకుండా టైరు పక్క గోడమీద మట్టి తుడిచి, కోడిగుడ్డు ఆకారపు గీతలో ఉన్న నాలుగు అంకెలు చూపించాడు. మొదటి రెండు వారం, తరువాతి రెండు సంవత్సరం. 2319 అని ఉంటే 2019లో ఇరవైమూడో వారంలో తయారైందని. నాది ఎనిమిదేళ్ళ పాత టైరు. తక్కువ తిరిగింది కాబట్టి అరగలేదు, ఎండకు లోపలే చచ్చిపోయింది. పక్క గోడ మీద వెంట్రుకల్లాంటి పగుళ్ళుంటే ఇక దాన్ని నమ్మొద్దు. స్టెప్నీ కూడా చూడు, దాన్ని ఎవరూ చూడరు. గాలి ఎంత ఉండాలో డ్రైవర్ తలుపు పక్కన స్టిక్కర్ మీద ఉంటుంది. బండి చల్లగా ఉన్నప్పుడే కొలవాలి. వేడి మీద ఎక్కువ చూపించిందని గాలి తీసేసినావా, తెల్లారేసరికి టైరు మెత్తబడి ఉంటుంది.

రేడియేటర్ మూత వేడి మీద తిప్పొద్దు. ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. లోపల నీళ్ళు ఒత్తిడి మీద ఉంటాయి, మూత వదులైందంటే ముఖం మీదికే ఎగజిమ్ముతాయి. ఇంకోటి, మనవాళ్ళకు కుళాయి నీళ్ళు పోసే అలవాటు. కడప బోరు నీళ్ళు కాచిన గిన్నెలో తెల్లగా పొర కడుతుంది చూడు, రేడియేటర్ గొట్టాల్లోనూ అదే కడుతుంది. కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం పొయ్యి. కలిపే అమ్మేది దొరికితే ఇంకా మేలు.

బ్యాటరీ మన దగ్గర నాలుగేళ్ళు లాగితే అక్కడ రెండేళ్ళకే చేతులెత్తేస్తుంది. టెర్మినళ్ళ మీద పచ్చగా, తెల్లగా పూత పడితే వేడినీళ్ళలో వంటసోడా కలిపి పాత బ్రష్‌తో రుద్దు. విప్పేటప్పుడు ముందు మైనస్, బిగించేటప్పుడు చివర మైనస్. ప్లస్ ముందు విప్పబోయి స్పానర్ బాడీకి తగిలిందంటే మెరుపే.

ఎయిర్ ఫిల్టర్‌కు దుమ్ము తుఫాన్లు వచ్చే ఊళ్ళో ఏడాది గడువు చాలదు. దుమ్ము తుఫాను పోయిన మరుసటి రోజు తీసి చూసుకో, గాలి కొడితే లోపలి నుంచి బయటికి కొట్టు. ఏసీ ఫిల్టర్ కూడా అంతే. పిల్లలు స్కూలుకు పోయే బండిలో ఏసీ చల్లగా రాకపోతే ఆ రోజు ఇంట్లో నీకు మర్యాద ఉండదు. బ్రేక్ ఆయిల్ గాలిలో తేమ పీల్చుకుంటుంది, రెండేళ్ళకోసారి మార్పించమను. వైపర్ రబ్బర్లు ఎండకు పెళుసైపోతాయి, అవి పది నిమిషాల పని.

ఇవన్నీ అక్కడికి పోయి బాబా బండి మీద నేర్చుకోవద్దు. ఇక్కడ మీ నాయన బండి మీదో, పక్కింటి మామ బండి మీదో నేర్చుకుని పో. మా వాకిట్లో ఇప్పటికి ఆరుమంది నేర్చుకున్నారు. మొదటి పాఠం మా వాకిలే నేర్పింది. మాది కడప బండలు పరిచిన వాకిలి. నున్నటి రాయి మీద జాకీ పెట్టి పికప్ ఎత్తితే జాకీ జారుతుంది, జారకపోతే ఆ బరువు ఒకచోటే పడి బండ టక్కుమని పగులుతుంది. నాకు రెండూ జరిగినాయి. జాకీ కింద మందపాటి చెక్క పలక, నేల మీదుండే చక్రాలకు ముందూ వెనకా అడ్డం రాళ్ళు, హ్యాండ్ బ్రేక్, గేరు. అప్పుడు కూడా ఉత్త జాకీని నమ్మి కిందికి దూరొద్దు, స్టాండు పెట్టి దూరు. ఇటుకలు పేర్చి స్టాండు అనుకునేటోళ్ళను చూసినా. ఇటుక చెప్పకుండా పగులుతుంది. చక్రం నట్లు వరసగా కాకుండా ఎదురెదురుగా బిగించు.

ఒక నోటుబుక్కు కొని బండి సొరుగులో పెట్టు. ఏ తేదీన ఏం చేసినావో, మీటరు ఎంత తిరిగిందో తెలుగులోనే రాసుకో. నేను వచ్చేసేటప్పుడు నాది బండిలోనే వదిలి వచ్చినా. నా తరువాత చేరిన పులివెందుల పిల్లోడు మూడు నెలలకు ఫోన్ చేసి, "అన్నా, పదహారో పేజీలో ఫ్యాన్ బెల్టు శబ్దం అని రాసి గీత కొట్టినావు, మార్చినావా లేదా?" అన్నాడు. మార్చలేదు. ఆ వారమే మార్పించుకున్నాడు.