కారు బీమా మోసాలు: సమస్య - పరిష్కారం

కారు బీమా మోసాల్లో చాలావాటికి పునాది ప్రమాదం జరిగిన తరువాతి పది పదిహేను నిమిషాల్లోనే పడుతుంది. చేతులు వణుకుతూ, ఎవరికైనా దెబ్బ తగిలిందేమోనని కంగారుపడుతూ ఉన్న ఆ కాస్త సమయంలో ఎదుటివారు చెప్పిన కథే కాగితం మీదికి ఎక్కితే, తరువాత దానిని కాదని నిరూపించడం చాలా కష్టం. జరిగినదానిని మన ఫోనుతో, మన చేతిరాతతో అక్కడికక్కడే నమోదు చేసుకోవడమే కింద చెప్పిన పరిష్కారాలన్నింటికీ మూలం.

సమస్య: ముందు వెళ్తున్న కారు ఏ కారణమూ లేకుండా హఠాత్తుగా ఆగడంతో మీ కారు దానిని ఢీకొట్టింది

కారణం: వెనుక నుంచి ఢీకొన్న వాహనానిదే తప్పని సాధారణంగా భావిస్తారు, ఎందుకంటే ముందు వాహనానికి తగినంత దూరం పాటించే బాధ్యత వెనుకవారిది. మోసగాళ్లు నమ్ముకునేది సరిగ్గా ఈ భావననే. ఈ పన్నాగంలో తరచుగా రెండు మూడు కార్లు ఉంటాయి. ఒకటి మీ ముందుకు చేరి నింపాదిగా నడుస్తుంది. మరొకటి దాని ముందుకు అడ్డంగా దూరి, బ్రేకు వేయడానికి సాకు కల్పించి, ఆగకుండా వెళ్లిపోతుంది. మూడోది ఉంటే మీ పక్కనే సమాంతరంగా నడుస్తూ మీరు పక్కకు తప్పుకునే వీలు లేకుండా చేస్తుంది. కొన్నిసార్లు ముందు కారు బ్రేక్ లైట్ల బల్బులను ముందుగానే తీసివేసి ఉంచుతారు.

హఠాత్తుగా వేసిన ప్రతి బ్రేకూ మోసం కాదని కూడా గుర్తుంచుకోవాలి. రోడ్డు ఖాళీగా ఉన్నా కారు ఆగడం, దెబ్బ చిన్నదైనా అందులోని వారందరూ మెడనొప్పి అనడం, డ్రైవరు ఏమాత్రం తడబడకుండా అవసరమైన కాగితాలన్నీ సిద్ధంగా తీసి ఇవ్వడం, పోలీసులకు ఫోన్ చేయవద్దని ఒత్తిడి చేయడం వంటివి రెండు మూడు కలిసి కనిపించినప్పుడు అనుమానించాలి.

పరిష్కారం: ముందు వాహనం ఒక స్తంభాన్నో గుర్తునో దాటిన తరువాత మీరు దానిని చేరడానికి కనీసం రెండు సెకన్లు పట్టేంత దూరం పాటించండి, వర్షంలో దానిని రెట్టింపు చేయండి. ఇంత దూరం ఉంటే ఈ పన్నాగం చాలావరకు పారదు. ఢీకొనడం జరిగిపోతే, ఎవరికీ ప్రాణాపాయం లేదని చూసుకున్న వెంటనే ఎదుటి కారులో ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టి, వారు దిగి చెదిరిపోకముందే ఫోటో తీయండి. పోలీసులను పిలిపించి, ఆ కారు బ్రేక్ లైట్లు వెలుగుతున్నాయో లేదో అక్కడే పరీక్షించమని అడగండి, ఎందుకంటే తీసేసిన బల్బు మరునాటికి తిరిగి దాని చోటికి చేరిపోతుంది. తప్పు నాదేనని నోటితో గానీ రాతతో గానీ ఒప్పుకోకండి, అక్కడికక్కడే నగదు ఇచ్చి రాజీ పడకండి. ముందు అద్దానికి అమర్చిన డ్యాష్‌క్యామ్ వీడియో వీటన్నిటికంటే బలమైన సాక్ష్యం. అయితే పాత వీడియోపై కొత్తది నమోదవుతూ పోతుంది కనుక ఆ భాగాన్ని అదే రోజు వేరుగా భద్రపరచాలి.

సమస్య: చేయి ఊపి దారి ఇచ్చిన డ్రైవరే మీ కారును ఢీకొట్టాడు

కారణం: పక్కదారి నుంచి వస్తున్నప్పుడు మర్యాదగా ముందుకు రమ్మని సైగ చేసినవారు, తరువాత ఆ సైగే చేయలేదంటారు. పరిష్కారం: ఎదుటివారి సైగను, హెడ్‌లైట్ల మెరుపును దారి హక్కుగా ఎప్పుడూ తీసుకోకండి.

సమస్య: అక్కడ లేని మనుషులు, అప్పుడు తగలని దెబ్బలు క్లెయిమ్‌లో కనిపిస్తున్నాయి

కారణం: కారులో ఒక్కరే ఉన్నా, తరువాత నలుగురు గాయపడ్డామంటూ వైద్యం బిల్లులు పెడతారు, లేదా పాత సొట్టలను కొత్త ప్రమాదం ఖాతాలో వేస్తారు.

పరిష్కారం: దెబ్బ తగిలిన చోటునే కాకుండా, ఎదుటి కారు నాలుగు వైపులా, దెబ్బ లేని భాగాలతో సహా ఫోటోలు తీయండి. రంగు లేచిపోయిన చోట దగ్గరగా చూడండి: గీత అంచున దుమ్ము పట్టి, లోపలి ఇనుము ఎర్రగా తుప్పు పట్టి ఉంటే అది ఈ పూట తగిలిన దెబ్బ కాదు. మీ బంపర్ ఎత్తుకూ ఎదుటి కారు సొట్ట ఎత్తుకూ పొంతన లేకపోయినా అనుమానించవలసిందే. ఆ తేడా తెలిసేలా రెండు కార్లనూ ఒకే ఫోటోలోకి తీసుకోండి.

సమస్య: మీరు పిలవకుండానే టోయింగ్ వాహనం వచ్చింది

కారణం: ఫలానా గ్యారేజీకి కారు చేర్చినందుకు కమిషన్ ముడుతుంది, అక్కడ నిలిపి ఉంచినందుకు రోజువారీ రుసుము పెరుగుతూ పోతుంది. పరిష్కారం: మీ పాలసీ మీద ఉన్న సహాయ నంబరుకు మీరే ఫోన్ చేయండి. కారు ఎక్కడికి వెళ్తుందో, ఎంత తీసుకుంటారో రాతపూర్వకంగా ఇవ్వనిదే తాళాలు ఇవ్వకండి.

సమస్య: మరమ్మతు బిల్లు అంచనాను మించిపోయింది, లేదా మీ వంతు సొమ్ము మేమే భరిస్తామని గ్యారేజీవారు అంటున్నారు

కారణం: మీరు కట్టవలసిన వాటాను గ్యారేజీ భరించడం అంటే సాధారణంగా ఆ మొత్తాన్ని బిల్లులో మరోచోట కలిపి బీమా సంస్థ నుంచి రాబట్టడమే. ఆ బిల్లుపై మీ సంతకం ఉంటే మీరు కూడా అందులో భాగస్వాములవుతారు. పాత భాగానికే రంగు వేసి కొత్తదని రాయడం మరో పద్ధతి.

వీటన్నింటిలో ప్రాణాల మీదికి తెచ్చేది ఎయిర్‌బ్యాగ్ మోసం. తెరుచుకున్న ఎయిర్‌బ్యాగ్ స్థానంలో నకిలీదో, మరో కారు నుంచి తీసినదో పెడతారు, లేదా ఏమీ పెట్టకుండా మూత బిగించి కొత్తదాని ఖరీదు రాబడతారు. కారు తాళం తిప్పినప్పుడు డ్యాష్‌బోర్డు మీద ఎయిర్‌బ్యాగ్ గుర్తు వెలిగి, కొన్ని సెకన్లలో ఆరిపోవాలి. అసలు వెలగకపోయినా, వెలిగి ఆరకపోయినా లోపం ఉన్నట్టే. అయితే రెసిస్టర్ అనే చిన్న విద్యుత్ భాగాన్ని అమర్చి వ్యవస్థను ఏమార్చడం సాధ్యమే కనుక, దీపం సరిగా ఆరిపోయినంత మాత్రాన నిశ్చింతగా ఉండలేము.

పరిష్కారం: తీసేసిన భాగాలను మీకు చూపించాలని పని మొదలుకాకముందే చెప్పండి. బిల్లులో ప్రతి భాగం పేరు, నంబరు, వెల విడివిడిగా ఉండాలి. ఎయిర్‌బ్యాగ్ మార్చిన ప్రతిసారీ ఆ కంపెనీ అధీకృత కేంద్రంలో వేరుగా పరీక్ష చేయించండి. ఈ ఒక్క విషయంలో ఖర్చుకు వెనుకాడవద్దని ప్రతి ఒక్కరినీ వేడుకుంటాను.

సమస్య: ఎవరూ ఇవ్వలేనంత తక్కువ ప్రీమియంకు పాలసీ ఇప్పిస్తామని సందేశం వచ్చింది

కారణం: ఇది నకిలీ ఏజెంట్ల పని. కొందరు పాలసీ పత్రాన్నే కల్పిస్తారు. కొందరు మీ వయసు, చిరునామా, పాత ప్రమాదాల వివరాలను తప్పుగా చూపి నిజమైన పాలసీనే తక్కువకు తీసుకుంటారు. ఇంకొందరు పాలసీ తీసి మీకు చూపించి, వెంటనే రద్దు చేసి, తిరిగివచ్చిన సొమ్మును తామే ఉంచుకుంటారు. మూడింటిలోనూ ప్రమాదం జరిగిన రోజున మీకు రక్షణ దక్కకపోవచ్చు.

పరిష్కారం: సొమ్మును వ్యక్తి ఖాతాకు కాకుండా బీమా సంస్థ ఖాతాకే చెల్లించండి. పత్రంపై ఉన్న ఫోన్ నంబరుకు కాకుండా, మీరే వెతికి తెలుసుకున్న సంస్థ నంబరుకు ఫోన్ చేసి పాలసీని నిర్ధారించుకోండి. నెల గడిచాక మరోసారి అడగండి, ఎందుకంటే రద్దు మోసం మొదటి రోజు బయటపడదు. పత్రంలోని చాసిస్ నంబరును, అంటే ఆ కారు గుర్తింపు సంఖ్యను, కారుపై చెక్కిన దానితో అక్షరం అక్షరం సరిచూడండి. నేటి కార్లలో అత్యధికంగా వాడే 17 అక్షరాంకెల నంబరులో ఐ, ఓ, క్యూ అనే ఇంగ్లిషు అక్షరాలు ఉండవు, 1, 0 అంకెలతో పొరబడకుండా వాటిని తప్పించారు. అవి కనిపిస్తే ఆ నంబరు తప్పుగా ఎక్కించినదో కల్పించినదో అయి ఉంటుంది.

సమస్య: ఖాళీ క్లెయిమ్ ఫారంపై ఇప్పటికే సంతకం చేసేశారు

కారణం: పని త్వరగా అవుతుందని చెప్పి తీసుకున్న ఆ సంతకం పైన ఏ అంకె అయినా రాసుకోవచ్చు. పరిష్కారం: ఆలస్యం చేయకుండా, ఏ తేదీన, ఎవరి సమక్షంలో, ఏ గడులు ఖాళీగా ఉండగా సంతకం చేశారో బీమా సంస్థకు రాసి పంపండి, అందినట్లు రసీదు తీసుకోండి. నింపిన ఫారం నకలు అడిగి తెప్పించుకుని, మీ ఫోటోలతో సరిపోల్చి, తేడా ఉన్న ప్రతి అంశాన్నీ మరొక ఉత్తరంలో పేర్కొనండి.